పాత దూలాలతో పిల్లలకు ఇసుక తొట్టి

పెంకుటిల్లు విప్పినప్పుడు వచ్చే టేకు దూలాలు నాలుగు చాలు. ఒక్కొక్కటి 6 అడుగుల 8 అంగుళాల పొడవు ఉండాలి. 4 అంగుళాల మందం, 6 అంగుళాల ఎత్తు. లోపల సరిగ్గా 6 అడుగుల చదరం వస్తుంది.

కొనే ముందు సుత్తితో కొట్టి చూడండి. డొల్ల శబ్దం వస్తే లోపల చెదలు తినేసినట్టే. రంపం పెట్టే ముందు అయస్కాంతంతో తడమాలి, విరిగిన మేకు ఒక్కటి చాలు బ్లేడు పాడవడానికి. పాత రంగులో సీసం ఉండొచ్చు కాబట్టి పొడిగా సాన్‌పేపర్ పట్టకండి, రంగున్న ముక్క పక్కన పెట్టడమే మేలు.

నేల 9 అంగుళాలు తవ్వి, 3 అంగుళాల కంకర, దానిపై షేడ్ నెట్ పరవాలి. నెట్ లేకపోతే ఇసుక కంకరలోకి దిగిపోతుంది. దూలాలను మట్టి మీద కాక ఇటుకల వరస మీద కూర్చోబెట్టండి. మూలల్లో దూలాల చివర్లు సగం సగం చెక్కి ఒకదానిపై ఒకటి కూర్చోబెట్టి, మూలకు రెండు బోల్టులు బిగించండి. మేకులైతే వానకీ ఎండకీ వదులవుతాయి. బోల్టు తలలు చెక్కలోకి దిగాలి.

9 అంగుళాల మందానికి 27 ఘనపుటడుగుల ఏటి ఇసుక పడుతుంది. రోబో ఇసుక వద్దు, గరుకు, దుమ్ము. రాత్రి టార్పాలిన్ కప్పకపోతే పిల్లులకు అదే మరుగుదొడ్డి!