మెలితిరిగిన కాంతిని విడదీయబోయి

మొదటి వారం ఏ మోడ్ (మెలికల సంఖ్యను బట్టి కాంతి రకం) పంపినా కెమెరాలో ఒకటే మసక మరక.

మెలితిరిగిన కాంతిలో, అంటే అలలు మర చుట్టులా తిరుగుతూ సాగే కాంతిలో, ఒక్కో ఫోటాన్ (కాంతి కణం) ఎన్ని మెలికలు మోస్తోందో దాన్నిబట్టి వేరు చేయాలి. మెలికల సంఖ్య ఎంతైనా ఉండొచ్చు కాబట్టి ఒక్క ఫోటాన్ మీదే ఒక బిట్‌కన్నా ఎక్కువ సమాచారం ఎక్కించవచ్చు. నేను పట్టుకున్నది 2010లో బెర్ఖౌట్ బృందం చూపించిన పద్ధతి: మొదటి ఫేజ్ పలక (కాంతి అల దశను, అంటే ఫేజ్‌ని, చోటుచోటుకు మార్చే పలక) గుండ్రటి పుంజాన్ని విప్పి గీతగా పరుస్తుంది, రెండోది ఫేజ్‌ని సరిదిద్దుతుంది, తర్వాత లెన్స్ ఒక్కో మెలికను ఒక్కో చోట చుక్కగా కూర్చుతుంది. వినడానికి ఎంత సులువో!

అసలు చిక్కు కేంద్రంలో ఉంది. పుంజం మధ్యభాగం మొదటి పలక మధ్యకు రాకపోతే అంతా పాడే. కెమెరాను రెండో పలక ఉండాల్సిన చోట పెట్టి చూస్తే తప్పు దొరికింది. వలయంలా ఉండే పుంజం సరిగ్గా మధ్యలో ఉంటే విప్పిన గీత తిన్నగా వస్తుంది, పక్కకు జరిగితే అలలా వంకర పోతుంది. నాది పాములా ఉంది. నా దగ్గర మొదటి పలక పని చేసేది మాడ్యులేటర్, అంటే కాంతి ఫేజ్‌ని పిక్సెల్ పిక్సెల్‌కీ మార్చే తెర. దాని మీది హోలోగ్రామ్‌ను (ఫేజ్ నమూనాను) ఒక్కో పిక్సెల్ జరుపుతూ ఆ అలను చదును చేశాను. తర్వాత +1, −1 (ఎదురెదురు దిశల్లో ఒక్కో మెలిక) పంపితే సున్నా చుక్కకు రెండు పక్కలా సమదూరంలో పడ్డాయి.

అయినా ఒక్కో మెలికకు కెమెరాలో కేటాయించిన సరైన గడిలో పడే కాంతి 73 శాతం దాటలేదు. అద్దాలు తుడిచాను, స్క్రూలు మళ్లీ బిగించాను, టెన్షన్‌తో నిద్ర కూడా పట్టలేదు. చివరికి కాగితం తీసి లెక్క వేస్తే నవ్వొచ్చింది. గీత పొడవు పరిమితం కాబట్టి చుక్క కొంత పరచుకోక తప్పదు, పక్కపక్క చుక్కలు ఒకదాని మీదికి ఒకటి ఒరుగుతాయి. అంతా పక్కాగా ఉన్నా వచ్చేది 77 శాతమే. లేని తప్పు కోసం పది రోజులు వెతికానన్నమాట.

దీనికి మందు 2013లోనే వచ్చింది: విప్పిన గీతకు కాపీలు తీసి పక్కపక్కన అతికించడం. గీత పొడవైతే చుక్క సన్నబడుతుంది, చుక్కల మధ్య దూరం మాత్రం మారదు. కాకపోతే అదనపు మాడ్యులేటర్లు కొంత కాంతిని మింగేస్తాయి. ఫోటాన్లను ఒక్కొక్కటిగా లెక్కపెట్టే క్వాంటమ్ ప్రయోగంలో అది చిన్న నష్టం కాదు, అందుకే కొందరు మాడ్యులేటర్ల బదులు చెక్కిన పారదర్శక పలకలు వాడారు. నాకు అలాంటి పలకలు అందుబాటులో లేవు. మూడు కాపీలతోనే సరిపెట్టాను. ఆ సాయంత్రం 0, 1 చుక్కల మధ్య మొదటిసారి నల్లటి ఖాళీ కనిపించింది.