మిల్డ్రెడ్‌ని వెనకేసుకొచ్చిన కుర్రాడు

పదకొండు దాటింది. ఈయనా చిన్నదీ నిద్రపోయారు. నాకు మాత్రం సాయంత్రం చేతికొచ్చిన ఆ షీటే కళ్లముందు మెదులుతోంది.

ఇవాళ పదకొండో తరగతిలో రే బ్రాడ్‌బరీ నవల ‘ఫారెన్‌హీట్ 451’ మీద చర్చ. మంటలార్పాల్సిన ఫైర్‌మెన్ పుస్తకాలు తగలబెట్టే లోకం అది. హీరో మోంటాగ్ కూడా ఫైర్‌మనే, అతని భార్య మిల్డ్రెడ్‌కి టీవీ, ఇయర్‌ఫోన్సే ప్రపంచం. వెనక బెంచీలో కోఆర్డినేటర్ మేడమ్, ఒళ్లో అబ్జర్వేషన్ ఫారం. అందులో రాసింది రెండే ముక్కలు: ‘క్లాసు చాలాసేపు మౌనంగా ఉంది. టీచర్ చివర్లో కన్‌క్లూజన్ చెప్పలేదు.’

మౌనంగా ఉండరా మరి! పుస్తకాలు తగలబెట్టడం తప్పా అని అడిగితే క్లాసంతా ఒకే గొంతుతో తప్పు మేడమ్ అనేది. అక్కడితో చర్చ సరి. నేనడిగింది అది కాదు. ఇది ప్రభుత్వం మొదలుపెట్టింది కాదు, జనమే ముందు చదవడం మానేశారు అంటాడు కదా ఫైర్ కెప్టెన్ బీటీ. ఆ పేజీ చదివించి, ఇందులో నిజమెంత అన్నాను. 1953లో వచ్చిన నవల, చెవుల్లో చిన్న రేడియోలతో, గోడంత టీవీలతో సహా. పిల్లలు వెనక్కి తిప్పి వెతుక్కుంటున్నారు. ఒకమ్మాయి ఒక వాక్యం కింద పెన్సిల్‌తో గీసి, చెరిపి, మళ్లీ గీసింది. పిల్లలు ఆలోచిస్తుంటే అలాగే ఉంటుంది. ఫారంలో దానికి గడి లేదు. ముగింపు నేనే చెప్పేస్తే వాళ్లు నోట్సులో రాసుకుని పుస్తకం మూసేస్తారు.

అప్పుడు లేచాడు కిటికీ పక్క కుర్రాడు. “అందరూ మిల్డ్రెడ్‌ని తిడతారు మేడమ్. ఆమె నిద్రమాత్రలు మింగిన రాత్రి కడుపు కడిగే మిషన్ తెచ్చినవాళ్లు ఏమన్నారు? ఇలాంటివి రాత్రికి తొమ్మిదో పదో కేసులట. ఊరంతా అలా ఉంటే ఆమె ఒక్కదాన్నీ అంటే ఎలా?” వాళ్లమ్మ బెంగళూరు వైట్‌ఫీల్డ్ ట్రాఫిక్‌లో పడి ఇంటికొచ్చాక ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని కాసేపు ఎవరితోనూ మాట్లాడదట.

నాకు మిల్డ్రెడ్ అంటే మొదట్నుంచీ చిరాకే. ఎందుకో బస్సులో తెలిసింది. మా పెద్దమ్మ.

తాతయ్య పోయాక కదిరి ఇంట్లో పుస్తకాలన్నీ పాత పేపర్ల బండివాడికి తూకానికి వేసేసింది. వారపత్రికల్లోంచి సీరియల్స్ చింపి తాతయ్య కుట్టించిన బైండ్లు. అరుగు మీద కూర్చుని వాడు ఒక్కో బైండుకీ క్యాలికో అట్ట పట్టుకుని లాగేస్తుంటే దారాలు పటపటా తెగేవి. “అట్టకి రేటు వేరు పాపా” అన్నాడు. ఒక అట్ట లోపల తాతయ్య అక్షరాలు, ఎవరెవరు ఎప్పుడు అడిగి తీసుకెళ్లారో ఆ లెక్క. పెద్దమ్మ లోపల టీవీ ముందు ఉంది, బయటికి కూడా రాలేదు. ఆవిడ మీద నా కోపం ఇవాళ్టిది కాదు.

కానీ మంచాన పడ్డ తాతయ్యకి అన్నీ చేసింది ఆవిడ ఒక్కతే. ఆ మధ్యాహ్నం టీవీ ముందు కూర్చోకుండా ఇంకేం చేయగలదు? ఇన్నేళ్లలో ఈ ప్రశ్న నాకెవరూ వేయలేదు, పదహారేళ్ల కుర్రాడు వేశాడు. అలాగని కోపం పూర్తిగా పోయిందా అంటే, లేదు. కనీసం ఆ రాత ఉన్న అట్టైనా దాచి ఉండాల్సింది.

మర్నాడు లేచిన మిల్డ్రెడ్‌కి ఏమీ గుర్తుండదు. మోంటాగ్ చెప్పినా నమ్మదు. గురువారం ఆ పేజీ ఈ కుర్రాడితోనే చదివిస్తాను.