కంటామినేషన్ అని కొట్టిపారేసిన లంపీ స్కిన్ శాంపిల్ - నా అనుభవం

మొత్తానికి నిన్న నా థీసిస్ మీద కమిటీ సంతకం పడింది. కోపం ఇంకా చల్లారలేదు, అందుకే ఇప్పుడే రాసేస్తున్నా, ఆలస్యం చేస్తే మర్యాదగా రాసేస్తానేమో అని భయం.

నా పని ఆవులకి ఒళ్ళంతా గడ్డలు తెచ్చే లంపీ స్కిన్ వైరస్‌లో జన్యు తేడాలు చూడ్డం. శాంపిల్స్, డీఎన్ఏ తియ్యడం, పీసీఆర్ (కావాల్సిన డీఎన్ఏ ముక్కకి లక్షల కాపీలు చెయ్యడం), ఇవన్నీ సాఫీగానే అయిపోయాయి. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి, రక్తాన్ని నమ్ముకోవద్దు, రక్తంలో వైరస్ కొన్నాళ్ళే ఉంటుంది, గడ్డల మీద ఎండిన పెచ్చుల్లో అయితే నెల దాటినా దొరుకుతుంది. రక్తం తీసినా ఈడీటీఏ ట్యూబ్‌లోనే తియ్యండి, రక్తం గడ్డకట్టకుండా వేసే ఇంకో మందు హెపారిన్ పీసీఆర్‌ని చెడగొడుతుంది.

గొడవంతా ఈఈవీ గ్లైకోప్రొటీన్ జీన్ (వైరస్ పై పొరలోని ఒక ప్రొటీన్‌ది) దగ్గర వచ్చింది. ఈ వైరస్ జీనోమ్ (మొత్తం డీఎన్ఏ) సుమారు 1,51,000 బేస్‌లు, అంటే డీఎన్ఏ అక్షరాలు. అందులో ఈ జీన్ చిన్న ముక్కే కానీ టీకా వైరస్ ఏదో బయట తిరిగే వైరస్ ఏదో పట్టిచ్చేది ఇదే. నీత్లింగ్ అనే టీకా స్ట్రెయిన్‌లో (బలహీనపరిచిన లంపీ స్కిన్ వైరస్సే) ఇక్కడ 27 బేస్‌లు ఎక్కువుంటాయి, ఫీల్డ్ స్ట్రెయిన్లలో, అంటే బయట తిరిగేవాటిలో, మామూలుగా ఉండవు, కాబట్టి ఒకే ప్రైమర్లతో (పీసీఆర్ ఎక్కడ మొదలవ్వాలో చెప్పే చిన్న డీఎన్ఏ ముక్కలు) టీకాది 241, ఫీల్డ్‌ది 214 బేస్‌ల సైజులో వస్తుంది. ఇండియాలో గోట్ పాక్స్ టీకానే ఎక్కువ వేశారు గనక అక్కడివాళ్ళకి ఈ తిరకాసు పెద్దగా తగలదు, నేను చదివేది బయట, ఇక్కడ లైవ్ నీత్లింగ్ టీకా వేస్తారు.

ఒక మందలో జబ్బు మొదలయ్యాక హడావిడిగా టీకాలు వేశారు. అందులో ఒక ఆవు పెచ్చు సీక్వెన్స్ గ్రాఫ్ తెరిచి చూస్తే మొదట్లో పీకులన్నీ (ఒక్కో బేస్‌కి ఒక్కో రంగు శిఖరం) విడివిడిగా శుభ్రంగా ఉన్నాయి, ఒక చోటు నుంచి మాత్రం ప్రతి పీకు కింద ఇంకో పీకు, ఆకుపచ్చ కింద ఎరుపు, నీలం కింద నలుపు, ఇద్దరు ఒకేసారి మాట్లాడుతున్నట్టు చివరిదాకా అదే రభస. రివర్స్ ప్రైమర్‌తో రెండో చివర నుంచి చదివిస్తే అటునుంచి శుభ్రంగా వచ్చి సరిగ్గా ఆ 27 బేస్‌ల దగ్గరే చెడిపోయింది. అంటే ఆ పెచ్చులో టీకా వైరస్, ఫీల్డ్ వైరస్ రెండూ ఉన్నట్టు. శాంపిల్ పాడైపోతే రెండు వైపుల నుంచీ అదే చోట చెడుతుందా? సీక్వెన్సింగ్ కంపెనీవాళ్ళు మాత్రం "శాంపిల్ క్వాలిటీ బాలేదు" అని ఒక ముక్క రాసి బిల్లు పంపేశారు.

ఇక కమిటీ. ఒక పెద్దాయన ఆ గ్రాఫ్ వంక అలా చూసి, జూనియర్లందరి ముందూ, "ఇది కంటామినేషన్, ముందు చేతులు కడుక్కుని పనిచెయ్యడం నేర్చుకో" అన్నారు. నెగటివ్ కంట్రోల్ (వైరస్ వెయ్యని ట్యూబ్) ఖాళీగా ఉంది సార్ అంటే వినరు. ఆ శాంపిల్ తీసేసి మిగతావాటితో ఫైలోజెనీ చెట్టు (వైరస్‌ల వంశవృక్షం) గీసుకోమని సలహా. వెనక బెంచీలో ఎవరో నవ్వారు కూడా. ఏం చెట్టండీ, లంపీ స్కిన్, షీప్ పాక్స్, గోట్ పాక్స్ మూడింటి జీనోమ్‌లే దాదాపు 97 శాతం ఒకటి, లంపీ స్కిన్‌లో మళ్ళీ ఒక్క జీన్ పట్టుకుని గీస్తే అన్నీ ఒకే గుత్తిలో పడతాయి, దానికి వైవిధ్యం అని పేరు పెట్టుకోవాలి.

మిగిలిన పెచ్చు ముక్క నుంచి వేరే గదిలో, పాజిటివ్ కంట్రోల్ (వైరస్ డీఎన్ఏ ఉన్న ట్యూబ్) మూత కూడా తియ్యకుండా, మళ్ళీ డీఎన్ఏ తీసి పీసీఆర్ చేశా. డీఎన్ఏ ముక్కల్ని సైజుని బట్టి విడదీసే మామూలు 1.5 శాతం జెల్‌లో 27 బేస్‌ల తేడా ఒకే లావు బ్యాండ్‌లా కనిపిస్తుంది, అందుకే 3 శాతం అగరోజ్ పోసి తక్కువ వోల్టేజ్‌లో నిదానంగా నడిపించా. రెండు బ్యాండ్లు విడిపోయాయి! పైన మసగ్గా మూడో గీత కనిపించినా కంగారు పడకండి, రెండు రకాల డీఎన్ఏ పోగులు అడ్డదిడ్డంగా జతకడితే వచ్చేది అది. తర్వాత క్లోనింగ్, అంటే ఒక్కో ముక్కని విడిగా ఒక్కో బ్యాక్టీరియా కాలనీలో పెంచడం (కిట్ కోసం పర్చేజ్ సెక్షన్ పెట్టిన తిప్పలు రాయాలంటే ఇంకో పోస్ట్ కావాలి), కొన్ని కాలనీల్లో 27 ఉంది, కొన్నింట్లో లేదు, మధ్యస్థంగా ఏదీ రాలేదు. మా ల్యాబ్‌లో ఇంత నీట్‌గా చూపించింది నేనే, ఆ మాట చెప్పుకోడానికి నాకేం మొహమాటం లేదు.

దీన్ని ఎందుకు వదల్లేదంటే, పాక్స్ వైరస్‌లలో మ్యుటేషన్లు నెమ్మది, పెద్ద తేడాలు రీకాంబినేషన్ వల్ల, అంటే రెండు వైరస్‌ల డీఎన్ఏ ముక్కలు కలిసి అతుక్కోవడం వల్ల రావచ్చు. 2017లో రష్యాలోని సరాతోవ్‌లో దొరికిన స్ట్రెయిన్ టీకా, ఫీల్డ్ రెండింటి కలగలుపే, ఆ తర్వాత చైనా, వియత్నాం, థాయిలాండ్‌లలో కూడా కలగలుపు స్ట్రెయిన్లు దొరికాయి. అలాగని ఒక ఆవులో రెండూ కనిపించగానే "కొత్త స్ట్రెయిన్" అని పేపర్ రాసెయ్యకండి, అలాంటి తొందరగాళ్ళని చూశా. రెండు వైరస్‌లు పక్కపక్కన ఉండటం వేరు, రెండూ అతుక్కుని ఒకటవ్వడం వేరు. అది తేలాలంటే ప్లాక్ ప్యూరిఫై చేసి (ఒక్క వైరస్ సంతతినే విడిగా పెంచి) మొత్తం జీనోమ్ చదవాలి, నాకు ఇంకా ఆ పని మిగిలే ఉంది.

జెల్ ఫోటో చూసి పెద్దాయన "ఇది ముందే చూపించాల్సింది కదా" అని సంతకం పెట్టేశారు. సారీ లేదు, ఏం లేదు. మీరు మాత్రం ప్రతి పెచ్చులో సగం మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో దాచి, ఎవరడిగినా ఇవ్వకండి, నా దగ్గర ఆ ముక్క లేకపోయుంటే ఈపాటికి ఆ శాంపిల్ థీసిస్‌లోంచి ఎగిరిపోయేది.