పన్నెండో రోజు రాని కుర్రాడు

బెంగళూరు పీణ్యా ఇండస్ట్రియల్ ఏరియా సెకండ్ స్టేజ్‌లో మా మెషిన్ షాప్. కంప్యూటర్‌తో నడిచే మెషిన్లు ఆరు (4 సీఎన్‌సీ టర్నింగ్ సెంటర్లు, 2 వీఎంసీలు), గోడ పక్కన రెండు పాత లేత్‌లు, ఆఫీసు వాళ్ళతో కలిపి 24 మందిమి. పంపులకి, వాల్వులకి వెళ్ళే పార్టులు జాబ్‌వర్క్ చేసిస్తాం. మాది హిందూపురం. నేను బెంగళూరు వచ్చి 20 ఏళ్ళు దాటింది కాబట్టి ఊర్లో ఎవరింట్లో పిల్లోడు ఖాళీగా ఉన్నా ఫోన్ నాకే వస్తుంది, "అన్నా వానికి ఏదో ఒకటి చూడన్నా, పొద్దస్తమానం ఫోన్ పట్టుకోని ఇంటికాడే ఉండాడు" అని.

నాలుగేళ్ళ కింద అట్లా ఒక కుర్రాడు వచ్చాడు. 19 ఏళ్ళు. ఇంటర్ ఫస్టియర్‌లో ఆపేసి రెండేళ్ళు ఇంట్లోనే ఉన్నాడు. హెల్పర్‌గా పెట్టుకున్నాం, మెషిన్ కింద పడ్డ లోహపు చిప్స్ ఎత్తడం, మెషిన్ వేడెక్కకుండా కూలెంట్ పోయడం, తయారైన పార్టులు (మేం జాబులు అంటాం) తుడిచి ట్రేల్లో పేర్చడం, ఇట్లాంటివి. బాగానే చేస్తున్నాడు అనుకునేసరికి పన్నెండో రోజు రాలేదు. ఫోన్ స్విచాఫ్. రెండు రోజులు చూసి రిజిస్టర్లో పేరు కొట్టేశా. ఈ కాలం పిల్లలకి వంగి పని చెయ్యాలంటే కష్టం అని పక్క షెడ్ ఆయనతో అన్నా కూడా, ఆ మాట నాకింకా గుర్తుంది.

ఆరు నెలల తర్వాత జాలహళ్ళి క్రాస్ దగ్గర ఒక బేకరీ ముందు కనిపించాడు. నన్ను చూసి పక్కకి తప్పుకోబోయాడు, నేనే పిలిచి టీ చెప్పా. ఎందుకు మానేశావురా, ఎవరన్నా ఏమన్నా అన్నారా అని అడిగితే చాలాసేపు గ్లాసు వంకే చూస్తూ నిలబడి, చివరికి ఒక మాట అన్నాడు.

"బస్సుకు దుడ్లు లేకపోయె అన్నా."

ఆ రోజు రాత్రి కూర్చుని లెక్క వేశా. వాడు 4వ తారీఖు జాయినయ్యాడు. మా దగ్గర పోయిన నెల జీతం ఈ నెల 7న ఇస్తాం. అంటే వాడి చేతికి మొదటి రూపాయి రావడానికి 33 రోజులు. ఇంటి నుంచి తెచ్చుకున్నది 3,000. హెగ్గనహళ్ళిలో నలుగురు కలిసి ఉన్న రూమ్‌లో వాడి వాటా అడ్వాన్స్ 1,500 మొదటి రోజే పోయింది. సేఫ్టీ షూ కొనుక్కో అన్నాం, 600. (షూ మేమే ఇవ్వాలి, అప్పట్లో ఇవ్వలేదు, అది మా తప్పే.) మిగిలింది 900. ఆ 900తో 11 రోజులు తిండీ బస్సూ రెండూ నడిపాడు పిల్లోడు. పన్నెండో రోజు జేబులో ఏమీ లేదు, ఫోన్‌లో రీచార్జ్ కూడా అయిపోయింది. మరి అడగొచ్చు కదరా అని ఆ బేకరీ దగ్గరే అంటే, "ఎవర్ని అడగాలన్నా, సూపర్‌వైజర్ సార్ కన్నడంలో గట్టిగా మాట్లాడ్తాంటే భయమయ్యేది, మీరేమో ఆఫీసు లోపల ఉంటారు" అన్నాడు.

నాకు నిద్ర పట్టలేదు. ఎందుకంటే వీడు ఒక్కడే కాదు, అంతకుముందు రెండో వారంలో, మూడో వారంలో మాయమైన వాళ్ళందరి మొహాలూ గుర్తొచ్చాయి, ఒక్కొక్కరిని సోమరి అని తీసేశా, ఒక్కరిని కూడా ఎందుకు అని అడగలేదు.

చదువూ పనీ ట్రైనింగూ మూడూ లేని 15 నుంచి 24 ఏళ్ళ పిల్లల్ని అంతర్జాతీయ కార్మిక సంస్థ వాళ్ళు విడిగా లెక్కపెడతారు, దాన్ని ఇంగ్లీషులో పొట్టిగా నీట్ అంటారు. మన ఇళ్ళల్లో నీట్ అంటే డాక్టర్ పరీక్ష, దానికి కోచింగ్ ఇప్పించడానికి అప్పులు చేసే తల్లిదండ్రులు బోలెడంత మంది, ఈ రెండో నీట్ పిల్లల గురించి మాత్రం ఇంట్లో కూడా గట్టిగా మాట్లాడరు. పెళ్ళికి వెళ్తే ఏం చేస్తున్నావని అడుగుతారని పెళ్ళిళ్ళకి వెళ్ళరు. రాత్రి మూడింటి దాకా ఫోన్, పగలు పన్నెండింటికి లేవడం. అట్లా రెండేళ్ళు గడిస్తే మనిషి అడగడం మర్చిపోతాడు. నాకు ఇది కావాలి, నాకు ఇది అర్థం కాలేదు, అని నోరు తెరిచి చెప్పడం పోతుంది. మెషిన్ నేర్పడం కంటే అది తిరిగి తెప్పించడమే కష్టం, ఇది నేను నాలుగేళ్ళు చూసి చెప్తున్న మాట. కర్ణాటకలో 2024 జనవరి నుంచి యువనిధి కింద పని దొరకని డిగ్రీ వాళ్ళకి నెలకి 3,000, డిప్లొమా వాళ్ళకి 1,500 ఇస్తున్నారు, మంచిదే, కానీ ఇంటర్ మధ్యలో ఆపేసిన పిల్లోడికి అందులో చోటు లేదు, పైగా ఆంధ్రా నుంచి వచ్చినవాడికి అసలే లేదు.

తర్వాతి వారం మా రోడ్డులోనే ఉన్న ముగ్గురు ఓనర్లని టీకి పిలిచా. ఒకాయనది పౌడర్ కోటింగ్, ఒకాయనది అట్టపెట్టెల యూనిట్, ఒకావిడది చిన్న గార్మెంట్స్. ముగ్గురిదీ నా ఏడుపే, మనుషులు దొరకడం లేదు, దొరికినా నిలవడం లేదు. నేను లెక్క కాగితం ముందు పెట్టా. గార్మెంట్స్ మేడమ్ కాగితం చూసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత తన దగ్గర మానేసిన అమ్మాయిల పేర్లు ఒక్కొక్కటే చెప్పడం మొదలుపెట్టింది.

ఆ రోజు నలుగురం ఒప్పుకున్నవి పెద్ద పెద్ద విషయాలేం కావు. కొత్తగా వచ్చిన వాళ్ళకి మొదటి ఆరు వారాలు జీతం వారం వారం, శనివారం సాయంత్రం. షూ, యూనిఫామ్ కంపెనీవే. ఒక దగ్గర పని నచ్చకపోతే ఇంటికి పోనక్కర్లేదు, మిగతా మూడు చోట్లా రెండేసి రోజులు చేసి చూసుకోవచ్చు, ఆ రోజులకి కూడా డబ్బులిస్తాం. ఈ చివరిది పౌడర్ కోటింగ్ ఆయన ఐడియా, నాకు మొదట నచ్చలేదు, మనం నేర్పితే పక్కవాడు తీసుకుపోతాడు కదా అని. కానీ మా దగ్గర కూలెంట్ వాసనకి రోజూ తలనొప్పి వచ్చిన ఒక పిల్లోడు అట్టపెట్టెల యూనిట్‌కి వెళ్ళి ఇప్పుడు అక్కడ డై కటింగ్ మెషిన్ మీద ఉన్నాడు. మా దగ్గరే ఉంటే పదో రోజు పోయేవాడు.

ఇంకొకటి, అన్నిటికన్నా ముఖ్యమైంది. ప్రతి కొత్త పిల్లకీ పిల్లోడికీ షాప్ ఫ్లోర్ మీద తోడుగా ఒక మనిషి. ఓనర్ కాకూడదు, సూపర్‌వైజర్ కాకూడదు, తిట్టే అధికారం ఉన్న ఎవరూ కాకూడదు.

ఇట్లా ఒక మనిషిని తోడు పెట్టడం మేం కనిపెట్టింది కాదు. బ్రిటన్‌లో ప్రిన్స్ చార్ల్స్ 1976లో పెట్టిన ట్రస్ట్‌ని చూసి మన దేశంలో లక్ష్మీ వెంకటేశన్ గారు 1992లో భారతీయ యువశక్తి ట్రస్ట్ మొదలుపెట్టారు, సొంతంగా వ్యాపారం పెట్టుకునే పేద యువతకి అప్పు ఇప్పించడంతో ఆగకుండా ఒక అనుభవం ఉన్న మనిషిని మెంటార్‌గా జత చేస్తారు. అది వ్యాపారం పెట్టేవాళ్ళకి. హెల్పర్‌గా చేరే పిల్లోడికి కూడా అదే కావాలి అని మాకు లేటుగా తెలిసింది.

మా దగ్గర ఆ మనిషి మా సెట్టర్, అంటే మెషిన్లలో టూల్స్ బిగించి కొలతలు సెట్ చేసే ఆయన. కడప జిల్లా ఆయన, మా దగ్గర 15 ఏళ్ళ నుంచి ఉన్నాడు. ఎక్కువ మాట్లాడడు. మెంటార్ అంటే ఏం చెయ్యాలి అని అడిగాడు, నాకూ సరిగ్గా తెలీదు, నీకు మొదటి నెలలో ఎవరు లేక కష్టమయిందో ఆ మనిషివి నువ్వవ్వు అన్నా. ఆయన చేసింది చూస్తే నేను ఏ పుస్తకంలోనూ రాయలేనంత ఉంది. పొద్దున ఆరుంబావుకి ఫోన్ చేస్తాడు, లేచావా అని అడగడు, "టిఫిన్‌కి దోసెలు కడ్తాండారు మా ఇంట్లో, నీకూ తెస్తాండా" అంటాడు, ఇంక వీడు రాకుండా ఎట్లా ఉంటాడు. కొలిచే వర్నియర్ చేతికిచ్చి మొదట జాబు కొలవమనడు, 10 రూపాయల బిళ్ళ ఇస్తాడు. 27 మిల్లీమీటర్లు రావాలి. పిల్లోడికి 26.4 వస్తుంది, 27.3 వస్తుంది, తప్పు అనడు, మళ్ళీ పట్టు అంటాడు, దవడలు వంకరగా పట్టుకున్నాడని వాడికే తెలిసేదాకా. బిళ్ళ పాడయితే పోయేది లేదు కదా, భయం ఉండదు. వారం తిరిగేసరికి వర్నియర్ మీద 0.02 మిల్లీమీటరు, రెండో వారానికి ఇంకా సన్నగా కొలిచే మైక్రోమీటర్ మీద 0.01 చదువుతున్నారు, లెక్కల్లో ఫెయిలై చదువు మానేసిన పిల్లలు దశాంశాలు గుక్క తిప్పుకోకుండా చెప్తుంటే ఆ మొహాల్లో వెలుగు మీరు చూడాలి.

మొదటి పే స్లిప్ దగ్గర ఇంకో గండం ఉంటుంది. పీఎఫ్‌కి బేసిక్‌లో 12 శాతం, ఈఎస్ఐకి (కార్మికుల వైద్య బీమా) 0.75 శాతం కట్ అవుతుంది, చెప్పిన జీతం ఒకటి చేతికొచ్చింది ఒకటి, ఓనర్ నా డబ్బు మింగాడు అనుకుని మానేసిన వాళ్ళు మాకు గతంలో ఉన్నారు. ఇప్పుడు మా సెట్టర్ తన పే స్లిప్పే తెచ్చి పక్కన పెట్టి చూపిస్తాడు. మేం కూడా నీ భాగానికి సమానంగా పీఎఫ్‌లో, ఈఎస్ఐకి 3.25 శాతం కడుతున్నాం అని నేను ఎన్నిసార్లు చెప్పినా నమ్మని పిల్లలు ఆయన ఒక్కసారి చెప్తే నమ్ముతారు. ఒక కుర్రాడు వాళ్ళమ్మకి షుగర్ అని రాజాజీనగర్ ఈఎస్ఐ ఆసుపత్రికి తీసుకెళ్ళాలంటే కార్డు పట్టుకుని ఏ కౌంటర్‌కి పోవాలో తెలీక బయటే నిలబడ్డాడు, ఆ రోజు ఈయన హాఫ్ డే పెట్టి వెళ్ళాడు. ఆ హాఫ్ డే జీతం మేం కట్ చెయ్యం. మెంటార్ టైమ్‌కి డబ్బు లెక్కకట్టి ఇవ్వకపోతే ఇది రెండు నెలల్లో ఆగిపోతుంది, నా గట్టి నమ్మకం ఇది, మంచితనం మీద ఎన్నాళ్ళు నడిపిస్తాం.

అమ్మాయిల సంగతి వేరే. గార్మెంట్స్ మేడమ్ చెప్పేదాకా నాకు తట్టలేదు. 2023 జూన్ 11 నుంచి కర్ణాటకలో శక్తి పథకం వచ్చింది, ఆడవాళ్ళకి బస్సు ఫ్రీ, కాబట్టి బస్సు సమస్య అమ్మాయిలకి ఉండదు అనుకున్నా. కానీ అది కర్ణాటక అడ్రస్ ఉన్న వాళ్ళకి. మన పిల్లల ఆధార్ మీద అనంతపురం జిల్లానో శ్రీ సత్యసాయి జిల్లానో ఉంటుంది, పక్క సీటు అమ్మాయికి జీరో టికెట్, ఈ అమ్మాయికి డబ్బు టికెట్. రూమ్ ఓనర్ రెంట్ అగ్రిమెంట్ ఇవ్వడు, అగ్రిమెంట్ లేక అడ్రస్ మారదు. ఇప్పుడు మేడమ్ వాళ్ళ ఆఫీసు అమ్మాయే ఒక శనివారం కూర్చుని ఇళ్ళ ఓనర్లతో మాట్లాడి ఈ కాగితాలు చేయిస్తోంది. దీన్ని ట్రైనింగ్ అని ఎవరూ అనరు కానీ ముగ్గురు అమ్మాయిలు దీనివల్లే నిలిచారు.

చిన్న యూనిట్ల వాళ్ళు చాలామంది అప్రెంటిస్ అంటే పెద్ద కంపెనీల గోల అనుకుంటారు. 1961 నాటి అప్రెంటిస్ చట్టానికి 2019లో రూల్స్ మార్చారు, 30 మందో అంతకంటే ఎక్కువో ఉంటే తప్పనిసరి, 4 నుంచి 29 మంది ఉంటే ఇష్టం. మొత్తం మనుషుల్లో 2.5 నుంచి 15 శాతం అప్రెంటిస్‌లు. మా 24 మంది లెక్కకి ముగ్గురి దాకా తీసుకోవచ్చు. ఆ రూల్స్‌లో కనీస స్టైపెండ్ ఐదు నుంచి తొమ్మిదో తరగతి దాకా పాసైన వాళ్ళకి 5,000, పది పాసైతే 6,000, అట్లా డిగ్రీకి 9,000 దాకా పెట్టారు, అందులో 25 శాతం, నెలకి 1,500 మించకుండా, కేంద్రం ఇస్తుంది, 2023 నుంచి నేరుగా పిల్లల అకౌంట్లోకే. అయితే 6,000తో బెంగళూరులో బతకలేరు. అది కనీసం మాత్రమే, ఎక్కువ ఇవ్వొద్దని ఎవరూ అనలేదు. మేం హెల్పర్ జీతం ఎంతో అంతా ఇస్తాం, చివర్లో పరీక్ష రాస్తే వచ్చే సర్టిఫికెట్ వాడికి జీవితాంతం ఉంటుంది.

అన్నీ బాగా జరగలేదు. ఇంకో ఓనర్ మధ్యలో మాతో కలిశాడు, ఆరు వారాలు అయ్యేసరికి పిల్లల్ని నైట్ షిఫ్ట్‌లో లోడింగ్‌కి వేశాడు, నేర్పింది ఏమీ లేదు, చౌకగా దొరికారు అంతే. పిల్లలు మాకు చెప్పలేదు, మా సెట్టర్‌కి చెప్పారు. ఆ ఓనర్‌తో తెంచుకున్నాం, కానీ అప్పటికే ఒక పిల్లోడు ఊరికి వెళ్ళిపోయాడు. వాడికి ఫోన్ చేస్తే ఇప్పటికీ ఎత్తడు. మా మీద నమ్మకంతో వచ్చినవాడు, ఆ బాధ నాకు పోలేదు. అప్పట్నుంచి కొత్త యూనిట్ ఏదైనా చేరతానంటే ముందు వాళ్ళ షాప్‌లో మెంటార్ ఎవరో ఆ మనిషితో మా సెట్టర్ టీ తాగి రావాలి, ఆయన సరే అంటేనే.

ఆ బేకరీ కుర్రాడు మాత్రం మళ్ళీ వచ్చాడు. వెంటనే కాదు, రెండుసార్లు రానన్నాడు, మూడోసారి మా సెట్టర్ వాళ్ళ రూమ్‌కి వెళ్ళి తీసుకొచ్చాడు. ఇప్పుడు రెండో నంబర్ టర్నింగ్ సెంటర్ వాడిదే, అరిగిన ఇన్సర్ట్ (కోసే పలక) మార్చి, కొలత సరిచేసే ఆఫ్‌సెట్ వాడే ఇస్తాడు. పోయిన వారం నా టేబుల్ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు, ఏంరా అంటే, "సోమవారం ఇద్దరు కొత్తోళ్ళు వస్తాండారంట కదన్నా, ఒకన్ని నాకియ్యండి" అన్నాడు. సరే అన్నా. ఆఫీసులో 10 రూపాయల బిళ్ళ ఉందా అని అడిగి పట్టుకుపోయాడు.