అన్నం తిన్నావా నుంచి డిడ్ యు ఈట్ దాకా

పదో తరగతి దాకా నాది తెలుగు మీడియం. టెన్సులు పన్నెండూ ఇప్పటికీ వరసగా అప్పజెప్పగలను. కానీ పాప స్కూల్లో పేరెంట్స్ మీటింగ్ అంటే రెండు రోజుల ముందు నుంచే టెన్షన్. మేడమ్ ఏం అడిగినా ఎస్, నో తప్ప నోరు పెగిలేది కాదు.

మా ఇంటి ఓనరు గారు రిటైరైన ఇంగ్లీషు మాస్టారు. నేర్పమని అడిగితే పుస్తకం ఏదీ ఇవ్వలేదు. "ఇంట్లో రోజూ అనుకునే మాటలు ఓ పది తెలుగులోనే రాసుకురా అమ్మా" అన్నారు. నాకు ఆకలిగా ఉంది, నాకు ఇద్దరు పిల్లలు, రేపు వస్తాను... ఇలా రాసుకెళ్లాను.

మొదటి దాని దగ్గరే ఆగిపోయాం. 'నాకు' అని ఉంది కదా అని 'టు మి'తో ఎత్తుకున్నాను. ఇంగ్లీషులో అలా కుదరదట, 'నేను'తోనే మొదలవ్వాలి: ఐ యామ్ హంగ్రీ. పిల్లల సంగతి చెప్పాలంటే ఐ హ్యావ్. మన 'నాకు' ఒక్కటే, అక్కడ మాత్రం దారులు రెండు. 'వస్తాను' కూడా అంతే. రోజూ వస్తాను, రేపు వస్తాను అని మనం ఒకే మాట వాడతాం. వాళ్లకి రోజూ అయితే ఐ కమ్, రేపయితే ఐ విల్ కమ్. ఇన్నేళ్లూ 'టుమారో ఐ కమ్' అని ఎందుకు అనేదాన్నో అప్పుడు తెలిసింది.

అన్నిటికన్నా తిప్పలు పెట్టింది 'అన్నం తిన్నావా?'. 'డిడ్ యు ఏట్' అని రాస్తే, మాస్టారు ఏట్ చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టారు. "అయిపోయిందని డిడ్ చెప్పేసిందిగా! ఇంక ఈట్ మామూలుగానే ఉంటుంది."

ఆ రాత్రి పాపని వరసగా అడిగాను. డిడ్ యు ఈట్? డిడ్ యు డ్రింక్ మిల్క్? మర్నాడు గిన్నెలు తోముతుంటే తట్టింది, డజ్ కూడా ఇంతేనని. షీ ఈట్స్, డజ్ షీ ఈట్? ఈట్స్ చివరి ఎస్‌ని డజ్ తీసేసుకుంది! చేతులు తుడుచుకుని కిందికి పరిగెత్తి మాస్టారికి చెప్పాను. ఎవరూ చెప్పకుండా నాకు నేనుగా పట్టుకున్న మొదటి రూలు అది.

పోయిన నెల మీటింగులో నేనే ముందు అడిగాను, "డజ్ షీ ఫినిష్ హర్ లంచ్?" అని. మేడమ్ చెప్పిందంతా అర్థమైంది.

ఎ, ది ఎక్కడ పెట్టాలో ఇంకా తేలలేదు. మన భాషలో అవి లేవు కాబట్టి చెవికి తెలియడం లేదు. ఈ వారమంతా ఆ పేజీ మీదే కూర్చున్నాను.