తమ్ముడిని సైకియాట్రిస్టుకు చూపించేటప్పుడు తెలిసినవి

"నాకు బతకాలని లేదు" అన్న మనిషిని ముందు సూటిగా అడగాలి. మేం మా తమ్ముణ్ణి అలాగే అడిగాం: "చచ్చిపోవాలనిపిస్తోందా? ఎలాగో కూడా అనుకున్నావా?" అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. లోపల దాచుకున్నది చెప్పుకోవడానికి దారి దొరుకుతుంది. ఎలా, ఎప్పుడు అన్నది కూడా అనుకుని ఉంటే మర్నాటి దాకా ఆగకూడదు, ఒంటరిగా వదలకూడదు.

తర్వాత ఇల్లు సర్దాలి. మిర్చి, పత్తి వేసే మా గుంటూరు వైపు ఇళ్లలో పురుగుమందు డబ్బాలు వసారాలోనే ఉంటాయి. వాటిని అటక మీద దాస్తే చాలదు, ఇంట్లోంచి పంపేయాలి. మిగిలిపోయిన మాత్రలనూ అంతే. చావాలన్న ఆ తీవ్రత చాలామందిలో కాసేపే ఉంటుంది. ఆ కాసేపూ చేతికి ఏదీ అందకపోవడమే ప్రాణం నిలబెడుతుంది.

పగలైతే గుంటూరు జీజీహెచ్ (ప్రభుత్వ సర్వజనాసుపత్రి), విజయవాడ ప్రభుత్వాసుపత్రి, మంగళగిరి ఎయిమ్స్, మూడింట్లోనూ సైకియాట్రీ విభాగం ఉంది. ఓపీ పొద్దున పూటే, ఆధార్ దగ్గరుంచుకోవాలి. రాత్రయితే నేరుగా క్యాజువాలిటీకే. ఏం చేయాలో తోచకపోతే 14416కి ఫోన్ చేయాలి, అది టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్. ఏ వేళైనా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు. ఏదైనా మింగి ఉంటే 108కి ఫోన్ చేయాలి. వాంతి చేయించకూడదు, ఉప్పునీళ్లు తాగించకూడదు. డబ్బా మాత్రం వెంట తీసుకెళ్లాలి. ఏ మందో తెలిస్తేనే డాక్టర్లకు వైద్యం తేలికవుతుంది.

అసలు చిక్కు డాక్టరు గదిలో. పరువు పోతుందనో, పోలీసులొస్తారనో ఇంట్లోవాళ్లు "నిద్ర పట్టట్లేదండీ" అని ఊరుకుంటారు. రద్దీ ఓపీలో ఆ మాట మీదే నిద్రమాత్ర రాసి పంపేసే ప్రమాదం ఉంది. అందుకే "చనిపోతానంటున్నాడండీ" అన్నదే మొదటి మాట కావాలి. మిగతావి ఒక కాగితం మీద రాసుకెళ్లాలి: అతను అన్న మాటలు అన్నట్టే, ఎప్పట్నుంచి, ఇంతకుముందు ప్రయత్నించాడా, ఇంట్లో ఇంకెవరికైనా ఇలా జరిగిందా, తాగుడు, అప్పులు, వాడుతున్న మందులు. అతనితో విడిగా, మనతో విడిగా మాట్లాడమని డాక్టరును అడగొచ్చు.

పోలీసుల భయానికి చట్టంలో జవాబుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం, ఆత్మహత్యకు ప్రయత్నించినవాళ్లు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు. ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత ఐపీసీ 309 సెక్షన్ 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో లేదు. పురుగుమందు తాగిన కేసును ఎమ్మెల్సీగా (మెడికో లీగల్ కేసు, అంటే పోలీసులకు తెలపాల్సిన కేసు) రాసి స్టేషన్‌కు కబురు పెడతారు. అది ఆసుపత్రి పాటించే పద్ధతి, దానికి జడిసి నిజం దాచొద్దు.

ఆసుపత్రిలో చేరనంటే? ప్రమాదం ఉందని ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించి తేలిస్తే, అందులో ఒకరు సైకియాట్రిస్టు, అదే 2017 చట్టం 89వ సెక్షన్ కింద 30 రోజుల వరకు ఉంచుకోవచ్చు. దరఖాస్తు అతని నామినేటెడ్ రిప్రజెంటేటివ్ (చట్టం ప్రకారం అతని తరఫున నిలబడే మనిషి) పెట్టాలి.

డిప్రెషన్ మందులు పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. ఈలోగా దిగులు తగ్గకముందే ఒంట్లో ఓపిక రావచ్చు, అప్పుడే ఎక్కువ కనిపెట్టుకుని ఉండాలి. కాలు నిలవకుండా తిరుగుతున్నా, చిరాకు పెరిగినా రివ్యూ దాకా ఆగకుండా డాక్టరుకు చెప్పాలి. మందుల షీట్లు మన దగ్గరే ఉంచుకుని పూటకు పూట ఇవ్వాలి. నెల మందులు ఒకేసారి తేవొద్దు. కాస్త తేరుకోగానే మానేయడం, "పెళ్లి చేస్తే సర్దుకుంటాడు" అనే పెద్దల మాట వినడం, రెండూ ముప్పే. గుడికో దర్గాకో వెళ్లాలనుకుంటే వెళ్లండి, మాత్ర మాత్రం ఆపకండి.

డిశ్చార్జి అయిన తొలి వారాల్లో ప్రమాదం బాగా ఎక్కువ. అందుకే వార్డు నుంచి కదలకముందే వారంలోపు రివ్యూ తేదీ రాయించుకోవాలి. ఆ రోజు వెంట ఎవరు వెళ్తారో, పనికి సెలవెవరు పెడతారో అప్పుడే ఇంట్లో మాట్లాడుకోవాలి.