సగం నిచ్చెన మీద, సగం పొయ్యి దగ్గర

ఈ వేసవి అలాగే గడిచిపోయింది.

పైకప్పు కారేది పడకగదిలో. పగులేమో రెండు గజాల అవతల దొరికింది. నీళ్లు లోపల్లోపలే పాకి, సందు దొరికిన చోట దిగుతాయి. ఆ సంగతి తెలియక మరక ఉన్న చోటుకి సరిగ్గా పైన రెండుసార్లు సిమెంటు పూసి మురిసిపోయాను. ఈసారి పగులును ఉలితో వెడల్పు చేసి, దుమ్ము దులిపి, బాగా ఆరాకే సీలెంట్ నింపాను. అది గట్టిపడ్డాక బకెట్లకొద్దీ నీళ్లు పోసి, ఒక పూటంతా పైకి చూస్తూ కూర్చున్నాను. చుక్క పడలేదు!

సరిగ్గా అప్పుడే టమాటాలన్నీ ఒక్కసారిగా పండాయి. మన టెన్షన్లు పెరటికేం తెలుసు? కొన్నిటిని కోసి, ఉప్పు చల్లి ఎండబెడితే బుట్టెడు కాయలు ఒక్క సీసాలో సర్దుకున్నాయి. మిగతావి ఉడికించి సీసాల్లో పట్టేటప్పుడు లీటరుకి 2 పెద్ద చెంచాల నిమ్మరసం కలిపాను. రుచి కోసం కాదు, టమాటాలో ఉండే పులుపు ఒక్కటే నిల్వకి చాలదు. బీన్స్‌ను 3 నిమిషాలు మరిగే నీళ్లలో వేసి, వెంటనే ఐస్ నీళ్లలో ముంచి, ఆ తర్వాతే ఫ్రీజర్‌లో పెట్టాను. మొదటి విడత బద్ధకించి పచ్చివే పెట్టేశాను. అవి గడ్డిలా తయారయ్యాయి.

వంటగది తలుపు మాత్రం ఇంకా నేలకి రాసుకుంటూనే ఉంది. చిత్రిక పట్టాలి. ఈలోపు వంకాయలు కోతకొచ్చాయి.